వెనక్కి చూసిన హంస

పొద్దున దీపం పెట్టేటప్పుడు నేను దేవుణ్ని ఏమీ అడగను. అడిగేవాళ్లు ఆయనకు ఎటూ తక్కువ లేరు. నాకు మేలు చేసినవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుని దండం పెట్టుకుని లేస్తాను, అంతే. తెలిసి మేలు చేసినవాళ్లు కొందరే. కీడు చేయబోయి, పాపం చేతకాక, మేలు చేసినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. వాళ్లందరి పేర్లూ పూర్తయ్యేసరికి వత్తి సగం కాలిపోతుంది. ఆ వరసలో మా నాయన ఉన్నాడు, పట్టు శావుకారు బావమరిది ఉన్నాడు, ఆ రోజు మిద్దె మీద యాంటెనా తిప్పిన శావుకారి కొత్త అల్లుడు కూడా ఉన్నాడు. పోయిన వారం ఇంకొకరు చేరారు. ఆయన పేరేమిటో నాకు తెలియదు. ఢిల్లీలో ఎవరో ఆఫీసరట.

సంగతేమిటంటే, ధర్మవరంలో ఉన్న మా తమ్ముడి కొడుకు నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. వెనకటి ఢిల్లీ టీవీ వార్తల ముక్క, అర నిమిషం కూడా లేదు. నలుపూ తెలుపూ. బల్ల వెనక ఒకావిడ కూర్చుని, కాగితం మీద ఒకసారి, మనవైపు ఒకసారి చూస్తూ ఇంగ్లీషులో చదువుతూ ఉంటుంది. కింద జనం రాసిన మాటలు చాంతాడంత ఉన్నాయి. ఎంత హుందాతనమో, ఎంత నిదానమో, ఇప్పటివాళ్లకు ఈ పద్ధతి ఎక్కడుందీ అని. ఒకాయనైతే, చీరకట్టంటే ఇదీ, ఇంట్లో తల్లి నేర్పిన కట్టు, చూడగానే తెలిసిపోతుంది అని రాశాడు. చూడగానే ఇంత తెలిసిపోయే కళ్లున్నాయి కాబట్టే మన దేశంలో మగవాళ్లు ఇంత నిశ్చింతగా ఉన్నారు. ఆ చీర కట్టింది ఆవిడ తల్లి కాదు. మా మేనత్త. ఆ చీర నేసింది మా నాయన. ఆ చీరలో తప్పు నేసింది నేను.

ధర్మవరంలో మా ఇల్లంటే ముందు గది. ముందు గది అంటే మగ్గం. మిగిలిన చోటు ఏదైనా ఉంటే దాంట్లో మనుషులు సర్దుకునేవాళ్లు. పడుగుకు పెట్టే గంజి వాసన, తడి పట్టు వాసన, అవ్వ నోట్లోని ఆకువక్క, లవంగం వాసన, వెనక దొడ్లో సంగటి ఉడికే వాసన, ఈ నాలుగూ కలిసి మా బట్టలకు ఎంతగా పట్టుకునేవంటే, వీధి చివర నన్ను చూడకుండానే ఫలానావాళ్ల అమ్మాయి అని చెప్పగలిగేవాళ్లు. అవ్వ పొద్దున లేస్తూనే మగ్గానికి మొక్కి, తర్వాత సూర్యుడికి మొక్కేది. ఎవరు ముందు అన్నం పెడుతున్నారో ఆమెకు స్పష్టంగా తెలుసు. నాకు మూడో తరగతి అవుతూనే బడి మానిపించారు. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తుంటే, పక్కన కూర్చుని పైనుంచి వేలాడే తాళ్లను వరస తప్పకుండా లాగాలి. ఏ తాడు లాగితే ఏ పోగులు లేస్తాయో దాన్నిబట్టి అంచులో బొమ్మ వస్తుంది. వరస గుర్తుండడానికి చదువు అక్కర్లేదని నాయన సిద్ధాంతం. నిజమే. మగ్గం నన్నెప్పుడూ స్పెల్లింగు అడగలేదు.

చదువు చెప్పింది రుక్కత్త. నాయనకు చెల్లెలు. చిన్నప్పుడు పెనుకొండలో వాళ్ల మేనమామ ఇంట్లో పెరిగి, అక్కడ ఒక పంతులమ్మ దగ్గర హిందీ పరీక్షలన్నీ కట్టి పాసైంది. ఆడపిల్లకు హిందీ ఎందుకని అందరూ నవ్వారట. రైల్వే ఉద్యోగికిచ్చి పెళ్లి చేస్తే అతనికి ఢిల్లీ బదిలీ అయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. మూడేళ్లకు అతను జ్వరంతో పోయాడు. అత్త ధర్మవరం వచ్చి ఒక ఏడాది మాతో ఉంది. మాతో అంటే ఇంటి వెనక. మా ఇళ్లలో కొత్త పడుగు ఎక్కించే రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మొదటి పోగు వేసేదాకా మొగుడు లేని మనిషి ఎదురు రాకూడదు. పెళ్లి చీర మగ్గం మీద ఉంటే దించేదాకా ముట్టనే కూడదు. ధర్మవరంలో పెళ్లి చీరలు కాక మరేం నేస్తారు గనక? కాబట్టి అత్త ఏడాదంతా దొడ్లోనే ఉంది. నా అదృష్టం, నాయన భోజనం చేసి కునుకు తీసే గంటసేపు నేనూ దొడ్లోనే ఉండేదాన్ని. బండ మీద బొగ్గుతో ఆమె రాసేది, నేను దిద్దేదాన్ని. ఆ ఆచారం పెట్టిన పెద్దలెవరో గానీ, వాళ్లకూ రోజూ నా దండం చేరుతూనే ఉంది.

మొగుడి తాలూకు కాగితాల మీద సంతకాలు పెట్టి వస్తానని ఢిల్లీ వెళ్లిన మనిషి అక్కడే ఆగిపోయింది. పక్కింటావిడ ఎవరో చెబితే టీవీ కేంద్రంలో పని దొరికిందట. వార్తలు చదివే ఆడవాళ్లకు చీరలు సవరించడం, పిన్నులు పెట్టడం, మొహానికి పౌడరు అద్దడం. పదిహేను రోజులకొక ఉత్తరం వచ్చేది. నేను జవాబు రాస్తే, నా ఉత్తరంలోని తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, దాన్నే మళ్లీ పోస్టులో వెనక్కి పంపేది. నా బడి అదే. వచ్చిన ఉత్తరాలు అవ్వకు చదివి వినిపించేదాన్ని. తెర మీద మహాలక్ష్మిలా కనిపించే ఆవిడకు వీపు వైపు రవికె వదులైతే బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగిస్తారని, చలికాలంలో బల్ల కింద ఉన్ని మేజోళ్లూ మగవాళ్ల బూట్లూ ఉంటాయని రాసేది. అవ్వ ఆకువక్క ఉమ్మేసి మరీ నవ్వేది. అల్లుడు పోయాక ఆమె నవ్వింది ఆ ఉత్తరాలకే.

అంత సాఫీగా పోతే ఊరెందుకు? శావుకారు బావమరిది ఢిల్లీ చూసి వచ్చాడు. ఎర్రకోట చూశాడు, మా అత్తను చూడలేదు. అయినా మా అత్త గురించి అన్నీ తెలుసుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చుని నాయనతో అన్నాడు.

“ఏమప్పా, మీ చెల్లెలు టీవీలో పని చేస్తాండాది అంటివే, మూడు నెల్లుగా చూస్తాండా, ఒకదినమన్నా కనపడలే.”

“ఆయమ్మి తెర మీదికి రాదప్పా. లోపల పని.”

“లోపల అంటే?”

“మేకప్పు రూములో.”

“ఊఁ,” అన్నాడాయన. ఆ ఒక్క అక్షరంతో ధర్మవరంలో సగం వీధికి కావలసినంత అర్థం దొరికింది.

మరుసటి రోజు నుంచి నాయనకు అన్నం సయించలేదు. చెల్లెలిని వెంటనే తీసుకొచ్చేయాలన్నాడు. అవ్వ అడ్డం పడింది. చివరికి మా మగవాళ్లు నలుగురు కూర్చుని న్యాయం తేల్చారు. నాయన ఒక చీర నేసి పంపుతాడు. అత్త నిజంగా ఆ పనే చేస్తూ ఉంటే, ఆ చీర వార్తలు చదివే ఆవిడ ఒంటి మీద ఉగాది లోపల కనపడాలి. కనపడకపోతే నాయన రైలెక్కి వెళ్లి ఆమెను తీసుకొస్తాడు. ఆమె మళ్లీ దొడ్లోకి వస్తుంది. అదంతా నన్ను ముందు కూర్చోబెట్టుకునే చెప్పి, నా చేతనే ఉత్తరం రాయించారు. అందులో తప్పులు ఒక్కటి కూడా రాకుండా రాశాను. ఎర్ర సున్నాలు చుట్టే తీరిక అత్తకు ఉండదనిపించింది.

ఇక చీర. అది ఊరంతా గుర్తుపట్టేలా ఉండాలని నాయన పంతం. అంచుకు ఒకదాని వెనక ఒకటి నడిచే హంసలు, అన్నీ కొంగు వైపు చూస్తూ. ఇక కొంగులో చూపించాడు తన పనితనం. బారెడు పొడవున రథం, రథం మీద గోపురం, గోపురం మీద కలశం. శావుకారు వచ్చి చూసి, ఈ కొంగు చూసినోడు జన్మలో మరిచిపోడప్పా అన్నాడు. అప్పటికి మా వీధి మగవాళ్లు నెలల తరబడి, రోజూ, శావుకారింట్లో రెప్ప వాల్చకుండా, వార్తలు చదివే ఆవిడను చూస్తున్నారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అయినా ఆఖరి మాట దాకా చూసేవాళ్లు. అంత శ్రద్ధగా చూసినవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు, ఆవిడ బల్ల వెనక కూర్చునే ఉంటుందని, కొంగు ఆమె వీపు వెనక వేలాడుతుందని, ఆవిడ వీపు ఈ దేశంలో ఎవరూ చూడలేదని. నాకూ తట్టలేదు. కాకపోతే నేను టీవీ చూసింది రెండుసార్లే, అదీ వాకిలి బయట ఆడవాళ్ల వెనక నిలబడి.

ఆ కొంగు మొదలుపెట్టే ముందు రోజు అత్త ఉత్తరం వచ్చింది. నాయన ఇంకా చూడలేదు. చదవకుండా సాయంత్రం దాకా ఆగే నిగ్రహం దేవుడు నాకివ్వలేదు. ఒళ్లో పావడా మడతలో పెట్టుకుని, ఒక కన్ను దాని మీద, ఒక చెయ్యి తాళ్ల మీద. “మీ నాయన మీద కోపం పెట్టుకోవద్దు, భయం ఉన్నవాళ్లే గట్టిగా అరుస్తారు” అని రాసింది. అది చదువుతూ ఒక హంసకు లాగవలసిన తాళ్లను చివరి నుంచి మొదటికి లాగాను. తెలిసేసరికి హంస పూర్తయింది. ముందున్నవన్నీ కొంగు వైపు చూస్తుంటే అదొక్కటి వెనక్కి తిరిగి, ఎవరో పిలిచినట్టు చూస్తోంది. నాయన కళ్లు అటూ ఇటూ పరిగెత్తే నాడె మీద ఉన్నాయి, మనసు రథం మీద ఉంది. నేసినంత మేరా దోనె కర్ర మీదికి చుట్టుకుపోయింది. నేను నోరు విప్పలేదు. అప్పుడు విప్పితే ఊడదీయడానికి పూట పట్టేది, ఉత్తరం సంగతి బయటపడేది, అదే ఆఖరి ఉత్తరం అయ్యేది. చీర దించిన రోజు మడతపెట్టే పని నాదే. ఆ హంసను లోపలి మడతలో దాచాను. నాయన కొంగు ఒక్కటే విప్పి పదిమందికీ చూపించి, పార్సిలు కట్టాడు.

ఉగాది ముందు సోమవారం ఆ చీర వస్తుందని అత్త రాసింది. ఆ రోజు శావుకారు ఇంట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. మగవాళ్లు చాపల మీద, వాకిట్లో ఆడవాళ్లు, మిద్దె మీద కొత్త అల్లుడు యాంటెనా పట్టుకుని. పెళ్లయి నెల కాలేదు, అత్తగారింట్లో ఆయనకు అంతకన్నా గౌరవమైన పని ఇంకా దొరకలేదు. బొమ్మ చీమల్లా చెదిరిపోతుంటే కింద నుంచి అరుపులు, పైనుంచి “ఇప్పుడు?” అని అల్లుడు. నాయన అందరికంటే ముందు కూర్చున్నాడు. పక్కన అవ్వ, ఆ వయసుకు మగవాళ్ల చాప మీద చోటు సంపాదించింది.

వార్తలు మొదలయ్యాయి. ఆవిడ వచ్చింది, నమస్కారం పెట్టింది, చదవడం మొదలుపెట్టింది.

“కొంగు యాడ?” అన్నాడు నాయన.

“వెనక ఉంటాది గదప్పా,” అన్నాడు శావుకారు, ఆ నిజం అప్పుడే తనకూ తెలిసినట్టు.

“తిరగమను.”

ఎవరూ నవ్వలేదు. నాయన నిజంగానే అన్నాడు. ఆవిడ తిరగలేదు. ఆవిడకు చదవాల్సిన కాగితాలు ఇంకా చాలా ఉన్నాయి.

“మీది అరక్కు ఎరుపు,” అన్నాడు బావమరిది. “ఈ చీర నలుపు.”

“ఆ పెట్టెలో ఎర్రదీ నల్లగానే కనపడతాది లేప్పా,” అన్నాడు నాయన.

“మరి జరీ? మీ జరీ మెరవల్ల గదా. ఇది బూడిద పోసినట్ల ఉండాది. మీది కాదు. నేను అప్పుడే చెప్పినా.”

నాయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గొంతు పెద్దది చేయలేదు. “గురువారం బండికి పోతా. తీసుకొచ్చేస్తా,” అన్నాడు. అవ్వ చాప మీద అరచెయ్యి ఆనించి తల వంచుకుంది.

నేను వాకిట్లో ఎవరి మోచేతి కిందనుంచో చూస్తున్నాను. అల్లుడి చేయి స్థిరపడినట్టుంది, బొమ్మ ఒక్కసారిగా తేటపడింది. ఆవిడ ఎడమ భుజం మీద, అంచు విప్పారి, నాలుగు హంసలు. మూడు వెనక్కి, కొంగు వైపు వెళ్తున్నాయి. నాలుగోది మావైపు చూస్తోంది.

అప్పుడు నా ముందున్నవి రెండే దారులు. నోరు మూసుకుంటే నా తప్పు ఎవరికీ తెలియదు, అత్త దొడ్లోకి వస్తుంది. నోరు తెరిస్తే అత్త అక్కడే ఉంటుంది, నేనేమవుతానో తెలియదు. ఇప్పుడు రాస్తుంటే చాలా ధైర్యంగా ఆలోచించినట్టు అనిపిస్తోంది. అప్పుడు నేనేమీ ఆలోచించలేదు. కాళ్లే మగవాళ్ల చాపలు తొక్కుకుంటూ పోయాయి.

“నాయనా, అది మన చీరే.”

“నీకెట్ల తెలుసు?”

పెట్టె దగ్గరికి పోయి గాజు మీద వేలు పెట్టాను. “ఈ హంస చూడు. తిరుక్కున్యాది. నేనే తిప్పినా.”

“ఎప్పుడు?”

“కొంగుకు ముందు దినం. అత్త ఉత్తరం ఒళ్లో పెట్టుకోని చదువుతా, తాళ్లు ఎనక నుంచి లాగినా. మడతపెట్టేటప్పుడు దాచిపెట్టినా.”

నాయన వంగి, ముక్కు తెరకు తగిలేటంత దగ్గరగా చూశాడు. ఆవిడ ఏ దేశపు సంగతో చదువుతూనే ఉంది. నేసేవాడికి తన చీరలోని తప్పు కంటే గట్టి సాక్ష్యం లేదు. దాన్ని ఢిల్లీలో ఎవరూ కల్పించలేరు.

“మనదే,” అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత అవమానమయిందో, ఎంత ప్రాణం లేచొచ్చిందో, రెండూ మొహంలో ఒకేసారి కనిపించాయి.

అవ్వ తలెత్తింది. బావమరిది వైపు తిరిగి, చాలా మెల్లగా అంది. “మొగుడు లేనిది ముట్టగూడదంటిరి గదప్పా. నా బిడ్డ చేత్తో కట్టింది. ఊరంతా నోరు తెర్చుకోని చూస్తాండారు. చూడండి, బాగా చూడండి.”

ఆ గురువారం నాయన రైలెక్కలేదు. నన్ను కొట్టనూలేదు. ఇంటికి వచ్చాక, “రేపట్నించి మగ్గం కాడికి రావద్దు నువ్వు. నీ చెయ్యి పనికి రాదు,” అన్నాడు. ఆయన దృష్టిలో అంతకు మించిన శిక్ష లేదు. అంతకు మించిన వరం నాకు ఆ తర్వాత ఏ గుడిలోనూ దొరకలేదు. రోజంతా నాదైపోయింది. ఉత్తరాలు వారానికొకటి అయ్యాయి. ఎర్ర సున్నాలు పుస్తకాలయ్యాయి. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ శిక్ష చలవే.

వీడియో చూశాక ఆగలేక, ఇప్పుడు నేనుంటున్న పెనుకొండలో రైలెక్కి హిందూపురం వెళ్లాను. రిటైరయ్యాక అత్త అక్కడే, పట్టుగూళ్ల మార్కెట్ వెనక చిన్న పోర్షనులో ఉంటోంది. రెండు కళ్లకూ ఆపరేషనయింది. ఇంటావిడ టీవీ ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. దాంట్లో ఒకేసారి ఎనిమిది కిటికీల్లో ఎనిమిది మంది అరుస్తుంటారు. నడుమ ఒకమ్మాయి నిలబడి వాళ్లందరికంటే గట్టిగా అరుస్తుంది. ఇప్పుడు నిలబడుతున్నారు, అటూ ఇటూ నడుస్తున్నారు. నాయన కొంగు ఈ కాలంలో అయితే దివ్యంగా కనపడేది. మనిషిని మొత్తం చూపిస్తున్నారు, ఏం చెబుతోందో మాత్రం వినపడదు. అప్పుడు సగం మనిషినే చూపించేవాళ్లు, ప్రతి మాటా వినపడేది, మాకు అర్థమయ్యేది కాదు. ఏది మేలో తేల్చడం నా వల్ల కాదు. ఆ నిలబడ్డ అమ్మాయి వీపున ఇప్పుడు క్లిప్పులు పెడుతున్నది ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో, అది కూడా ఎవరూ చెప్పరు. ఆ విషయంలో ఏ మార్పూ లేదు.

ఫోను అత్త చేతిలో పెట్టాను. జనం రాసిన పొగడ్తలన్నీ చదివి వినిపించాను. ఆమె వినలేదు. వీడియో మూడుసార్లు చూసి, “ఆపు. ఆడ ఆపు,” అంది.

ఆపాను.

“చూడు. పిన్ను కనపడతాండాది.”

భుజం మీద, ఆ హంస మెడ కింద, తెల్లగా ఒక గీత. ఆ రోజు గానీ ఈ వీడియోలో గానీ నా కళ్లకు హంస తప్ప ఏదీ ఆనలేదు.

“పైనుంచి పెట్టినావెందుకత్తా? నువ్వు పిన్ను పెడితే కనపడదు గదా.”

“లోపల్నించి పెడితే అంచు మడతలోకి పోతాది. హంస దాక్కుంటాది.”

అత్త ఫోను ఒళ్లో పెట్టుకుంది.

“చీర విప్పంగానే కొంగు చూసి నవ్వొచ్చింది, పాపా. తర్వాత ఏడుపొచ్చింది. కొంగు కనపడదని మీ నాయనకు రాస్తే, సాకు చెప్తాండాది అంటాడు. జరీ చూస్తే కెమెరాకు పడదు, లైట్లకు మండుతాది. పౌడరు రుద్ది చంపినా దాన్ని. ఇంక మన చీర అని గుర్తు పట్టేదానికి ఏముండాది దాంట్లో? అప్పుడు కనపడింది నీ హంస. తెచ్చి భుజం మీద పెట్టినా.”

“నేను ఒప్పుకుంటానని తెలుసునా నీకు?”

“ఎట్ల తెలుస్తాది? పన్నెండేండ్ల పిల్లవి. నువ్వు నోరు మూసుకోనుంటే నేను వచ్చేదాన్నే, దొడ్లోకి.”

బయట ఇంటావిడ టీవీలో ఎవరో ఎవరినో నిలదీస్తున్నారు. అత్త ఫోను మళ్లీ తీసుకుని, ఆ పిన్నును బొటనవేలితో ఒకసారి తుడిచింది, చెరిగిపోతుందేమో అన్నట్టు.

“వార్తలకు ముందు తెర మీద చూసి సరే అన్న ఆఫీసరే మరుసటి దినం మెమో ఇచ్చినాడు నాకు. పనిలో అజాగ్రత్త, పిన్ను తెర మీద కనపడింది అని. సంతకం పెట్టినా. నా ఉద్యోగమంతా కలిపి అదొక్కటే మెమో.”

“ఇన్నేండ్లు చెప్పలేదే?”

“హంసకు సారీ రాసినట్టే, చెప్తే నువ్వు ఇంకో ఉత్తరంలో దానిక్కూడా సారీ రాస్తావు. ఆ మాటకు స్పెల్లింగు నీకు అప్పుడు రాదు.”

“మరి హంస సంగతి? మెమోలో దాని గురించి ఏం రాసినారు?”

“హంసను వాళ్లు యాడ చూసినారు? పిన్ను చూసినారు,” అంది అత్త.

మరుసటి రోజు పొద్దున పెనుకొండలో మామూలుగానే దీపం పెట్టాను. వరసలో అందరి పేర్లూ అయ్యాక, ఢిల్లీలో ఎవరో ఆఫీసరు, పేరు తెలియదు, అంత పెద్ద తెర మీద వెనక్కి తిరిగిన హంసను వదిలేసి గుండుసూదంత పిన్నును చూసిన మహానుభావుడు, ఆయనకు కూడా ఒక దండం పెట్టుకున్నాను. ఆయన ముందే హంసను చూసి ఉంటే చీర మార్చమనేవాడు.